ఎల్ నినో అంటే

1997 జూన్ 23, సోమవారం, పుంగనూరు

నిన్న సాయంత్రం నాలుగున్నరకు మా అమ్మాయి పుష్పావతికి మగబిడ్డ పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. రాత్రి వాన కురిసింది.

శనక్కాయల మిల్లులో చక్కెర పంచాను. విత్తనాల కాలం కదా, రైతులు నిండా ఉన్నారు. మా వియ్యపురాలు ఈశ్వరమ్మ తమ్ముడు వెంకటప్ప కూడా విత్తనం శనక్కాయలకు సోమల నుంచి వచ్చాడు. పేపరు నా ముందు పెట్టి అడిగాడు.

"గుమాస్తప్పా, ఈ ఎల్ నినో అంటే ఏందప్పా? రేడియోలో గూడా పొద్దుమానం ఇదే చెప్తాండారు."

ఇంగ్లీషు డిక్షనరీ తీసి చూసి చెప్పాను. స్పానిష్ మాట. పిల్లవాడు అని అర్థం. పెరూ అనే దేశం ఒడ్డున సముద్రంలో వచ్చే వెచ్చటి నీటి ప్రవాహానికి ఆ పేరు. అది వచ్చిన ఏడు మన వైపు వానలు తగ్గవచ్చునని పేపరులో రాశారు.

"పిల్లోడా? యాడనో పుట్నిండే పిల్లోడు మన వాన మింగేదేందప్పా!" అన్నాడు వెంకటప్ప. అందరూ నవ్వారు. "మన గుమాస్తప్ప ఇంట్లో గూడా నిన్న ఒక ఎల్ నినో పుట్నాడు" అని ఎవరో అన్నారు. ఇంకా నవ్వారు. చక్కెర చాలక మళ్ళీ తెప్పించాను.

వాన: 6 మిల్లీమీటర్లు.

జూన్ 24

వాన: లేదు.

జూన్ 30

వాన: లేదు. మేఘాలు పడమర నుంచి వచ్చి తూర్పుకు పోతున్నాయి, ఆగడం లేదు.

జూలై 12, శనివారం

బిడ్డను ఉయ్యాల తొట్టిలో వేశాము. కుప్పం నుంచి ఈశ్వరమ్మ, అల్లుడు కిరణ్ కుమార్ వచ్చారు. ఈశ్వరమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా దించలేదు. పేరు ఇక్కడ పెట్టవద్దన్నది.

"మూడో నెల్లో మా ఇంటికి తీసకపోయి, మా దేవుని ముందర పెట్టుకుంటాం అన్నా. అంతవరకూ పాపోడు అనండి, చాలు."

సెప్టెంబరు 11న వచ్చి తీసుకుపోతామని రోజు పెట్టుకుని వెళ్ళారు.

వాన: లేదు.

జూలై 21

వెంకటప్ప మళ్ళీ వచ్చాడు. మొదటి వానకు వేసిన శనక్కాయ మొలిచి వాడిపోయిందట. విత్తనం మళ్ళీ అడిగాడు. ఈసారి నవ్వలేదు.

"ఆ పొద్దు చెప్తివి గదప్పా, అట్లే అయ్యింది" అన్నాడు.

నేను చెప్పింది మాట అర్థం మాత్రమే. వాన గురించి చెప్పింది పేపరు.

వాన: లేదు.

జూలై 30

మిల్లు ఎదురుగా టీ అంగడి పాపమ్మ గ్లాసు చేతికిస్తూ, "అప్పా, మీ నీనోడు బాగుండాడా?" అన్నది. ఎల్ నినో అని మొదట నాకు అర్థం కాలేదు. అంగట్లో కూర్చున్న ఇద్దరు రైతులు ఒకరినొకరు చూసుకున్నారు.

పాపమ్మ అందరికీ ఏదో ఒక పేరు పెడుతుంది. ఆమెకు అది ముద్దు.

వాన: లేదు.

ఆగస్టు 3

వాన: లేదు.

ఆగస్టు 4

వాన: లేదు. డబ్బాలో సాలెపురుగు గూడు పెట్టింది. తీసేశాను.

(ఈ నోటుబుక్కు వానకు. మిల్లు లెక్కలు మిల్లులోనే ఉంటాయి. పదకొండేళ్ళుగా మిద్దె మీద పాలపొడి డబ్బా పెట్టి, ఉదయం ఎనిమిదికి స్కేలు వేసి చూసి రాస్తున్నాను. ఈ ఏడు ఇంటి విషయాలు ఎందుకు రాస్తున్నానో తెలియదు.)

ఆగస్టు 10, ఆదివారం

కుప్పం నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ళ చేని బోరు శుక్రవారం ఎండిపోయింది. మొదట గాలి, తరువాత బురద, తరువాత అదీ లేదట. అతను గ్రానైటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు కాబట్టి ఇల్లు గడుస్తుంది. కానీ ఆ చేను ఈశ్వరమ్మ ప్రాణం.

"పాపోడు ఎట్ల ఉండాడు మామా?" అని అడిగాడు. బాగున్నాడని చెప్పాను. "అమ్మకు ఫోన్ ఇస్తావా?" అన్నాను. "అమ్మ చేనికాడ ఉండాది" అన్నాడు. వెనక ఈశ్వరమ్మ గొంతు వినిపించింది. వేరే ఎవరిదైనా అయి ఉండవచ్చు.

ఆగస్టు 17

తడి మాత్రం. స్కేలుకు అందలేదు. వాన లేదు అనే రాశాను.

ఆగస్టు 23, శనివారం

వెంకటప్ప మిల్లు బయటే నిలబడ్డాడు. పిలిస్తే వచ్చాడు. రెండోసారి వేసిన విత్తనం కూడా పోయిందట. గొర్రెలను అమ్మేస్తున్నాడు.

"ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు గుమాస్తప్పా. మా యక్క మనసు బాగలేదు. పిల్లోడు పుట్నిండే కాడి నుంచి సినుకు లేదంటాది. బోరు పాయ, చేను పాయ. మిల్లులో అందరూ ఆ మాట అంటాండారని నేనే చెప్పినా. లేనిది చెప్పలేదు గదా?"

"అది సముద్రం పేరు వెంకటప్పా" అన్నాను.

"సముద్రానికి పిల్లోని పేరు యాల పెడతారప్పా, ఏమీ లేకుంటే?"

డిక్షనరీలో అంతకంటే లేదు. అర్థం అడిగితే చెప్పడంలో తప్పు లేదు.

వాన: లేదు.

సెప్టెంబరు 2

బిడ్డ నవ్వుతున్నాడు. నా వేలు పట్టుకుంటే వదలడు.

వాన: లేదు.

సెప్టెంబరు 11, గురువారం

రాలేదు.

నా భార్య మునిలక్ష్మమ్మ తెల్లవారకముందే లేచి ఓళిగలు చేసింది. పుష్పావతి పట్టుచీర కట్టుకుని, బిడ్డకు కొత్త చొక్కా వేసి, సంచి సర్దుకుని వసారాలో కూర్చుంది. పలమనేరు వైపు నుంచి బస్సు శబ్దం వచ్చినప్పుడల్లా లేచి చూసింది. రెండు గంటలకు బిడ్డ చొక్కా తీసి మడత పెట్టింది.

నాలుగింటికి మిల్లుకు ఫోన్ వచ్చింది.

"మామా, తప్పుగా అనుకోవద్దు. అమ్మ అంటాండాది... ఒక వాన పడనీ, అప్పుడు పోదాం అని."

"నువ్వేమంటావు బాబూ?"

"నేనేమనేది మామా. ఆమె అన్నం మానేసి కూసోనుండాది."

ఇంటికి వచ్చి చెప్పాను. మునిలక్ష్మమ్మ ఏడ్చింది. పుష్పావతి ఏడవలేదు.

"సరే నాయనా. వాన పడినాక వస్తే నేను పోను."

"అదేం మాటమ్మా?"

"ఈ పొద్దు వాన పడితే తీసకపోతారు. వచ్చే ఏడు పడకుంటే? ఆ పైఏడు? ఎండ కాసినప్పుడల్లా నా బిడ్డ మొగం చూస్తారు. వాన రాకముందు వస్తే పోతా. వచ్చినాక వస్తే ఈడనే ఉంటా, మీరు తిండి పెట్టకుంటే కూలికి పోతా."

కాసేపటికి మళ్ళీ అడిగింది. "ఆ పేరు మొదట ఎవురు అనింది నాయనా?"

"మిల్లులో ఎవరో" అన్నాను.

వాన: లేదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

తూర్పున మబ్బు పట్టింది. గాలి మారింది, తడి వాసన. మిల్లులో అందరూ పని ఆపి బయటికి వచ్చి చూశారు. ఒకతను చేతులెత్తి మొక్కాడు. నేనూ చూశాను. ఇప్పుడే వద్దు అనుకున్నాను. పదకొండేళ్ళలో వాన వద్దనుకోవడం ఇదే మొదలు. పక్కవాళ్ళకు వినిపించిందేమోనని భయం వేసింది.

మంగళవారం గ్రహణం. ఆ మరునాటి నుంచి పెద్దల పక్షం, పదిహేను రోజులు మంచి రోజు లేదు. ఈ మబ్బు అన్ని రోజులు ఆగదు. ఉన్నవి మూడు రోజులు.

ఏం చెప్పి ఈశ్వరమ్మను రప్పించాలి? వెంకటప్ప అడిగినదే అడుగుతుంది. సముద్రానికి పిల్లోని పేరు ఎందుకు పెట్టారు? పెద్ద పుస్తకం చూడాలి.

వాన: లేదు.

సెప్టెంబరు 13, శనివారం

సెలవు చెప్పి మదనపల్లె వెళ్ళాను. అక్కడ ఒక కాలేజీ లైబ్రరీలో ఇందిరమ్మ గారని ఉన్నారు. నేను విద్యార్థిని కాదు, అయిదో తరగతి దాటలేదు, అయినా కూర్చోమన్నారు. విషయం చెప్పాను. బిడ్డ సంగతి చెప్పలేదు. నా డిక్షనరీ కూడా వెంట తీసుకుపోయాను.

ఆమె ముందు దాన్నే తెరిచి, మాట మీద వేలు పెట్టారు.

"ఈ అక్షరం చూడప్పా. పెద్దక్షరం. చిన్నక్షరంతో రాస్తే ఏ పిల్లోడైనా కావచ్చు. పెద్దక్షరంతో రాస్తే ఒక్క పిల్లోడే. బాల యేసు."

మన అక్షరాలలో పెద్దా చిన్నా లేవు. ఇరవై ఏళ్ళుగా ఆ డిక్షనరీ చదువుతున్నాను. పెద్దక్షరాన్ని అలంకారం అనుకుని దాటిపోతూ వచ్చాను.

తరువాత పెద్ద పుస్తకం తెచ్చి చదివి చెప్పారు. ఆ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు పెట్టుకున్న పేరు అది. ప్రతి ఏడూ క్రిస్మస్ సమయానికి చల్లటి నీటిలోకి వెచ్చటి నీళ్ళు వచ్చేవి. పండుగకు వచ్చింది కాబట్టి పండుగ బిడ్డ పేరు పెట్టారు. "డిసెంబరులో మా వీధికి రా, ఇంటింటికీ నక్షత్రం కట్టి ఉంటారు. అట్లాంటి రోజుల్లో వచ్చిన నీళ్ళు" అన్నారు. ఆ తరువాత చదువుకున్నవాళ్ళు ఆ పేరును కొన్నేళ్ళకొకసారి సముద్రం పొడుగునా వచ్చే పెద్ద వేడికి వాడారు. ఇప్పుడు పేపర్లవాళ్ళు కరువుకు వాడుతున్నారు. మాట ఒకటే, చేతులు మారింది.

ఇంకో సంగతి. ఆ ఒడ్డు ఇసుక నేల, చినుకు పడని చోటు. ఆ వెచ్చటి నీళ్ళు ఎక్కువగా వచ్చిన ఏడు అక్కడ వాన కురిసి ఇసుకలో గడ్డి మొలిచేదట. వెనకటివాళ్ళు దాన్ని సమృద్ధి ఏడు అనేవారట.

"డిక్షనరీ అర్థం చెప్తుందప్పా. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నారో చెప్పదు" అన్నారు ఇందిరమ్మ గారు.

అన్నీ కాగితం మీద రాసుకున్నాను. బస్సులో తిరిగి వస్తూ సంతోషంగానే ఉన్నాను. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నారో అనే మాట మాత్రం పుంగనూరు దాకా వెంట వచ్చింది.

ఇంటికి రాగానే ఈ నోటుబుక్కులో జూన్ 23 పేజీ తీశాను. "ఎవరో అన్నారు" అని ఉంది. ఎవరో కాదు.

నేనే అన్నాను. మిల్లులో పదిమంది నా నోటి వైపు చూస్తున్నారు. మనమడు పుట్టిన సంతోషం. అందరూ నవ్వుతున్నారు, ఇంకొంచెం నవ్వించాలనిపించింది. అన్నాను. ఆ పొద్దే ఇందులో అబద్ధం రాసుకున్నాను. చదివేది నేనొక్కడినే, అయినా రాసుకున్నాను.

"ఎవరో" కొట్టేశాను. పైన "నేను" అని రాశాను.

వాన: లేదు. మబ్బు అట్లే ఉంది.

సెప్టెంబరు 14, ఆదివారం, కుప్పం నుంచి తిరిగి వచ్చాక

ఈశ్వరమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తున్నది. మనిషి సగమైంది. నన్ను చూసి లేచింది.

"రా అన్నా. ఒక్కడివే వస్తివా?"

నీళ్ళిచ్చింది. తాగి, కాగితం తీసి చదివాను. చేపలవాళ్ళు, పండుగ, ఇసుకలో మొలిచిన గడ్డి, అన్నీ. చేతులు ఆపకుండా విన్నది.

"ఆ ఊర్లో వాన తెచ్చే పిల్లోడు ఈడ యాల తేలేదు?"

"సముద్రం వేడెక్కితే గాలి దారి మారుతుందమ్మా. అక్కడ పడితే ఇక్కడ తగ్గవచ్చు. మన బిడ్డకూ దానికీ సంబంధం లేదు. పుస్తకంలో ఉంది."

"ఆ పొద్దూ పుస్తకంలోదే గదన్నా చెప్తివి? మీ పుస్తకం మూడు నెల్లకొకసారి మాట మారస్తాదా?"

నోటుబుక్కు తెరిచి చూపించాను. బిడ్డ పుట్టిన రాత్రి ఆరు మిల్లీమీటర్లు. వాడు పుట్టగానే వాన కురిసిందని చెప్పాను.

"అదే గదా కడసారిది!" అన్నది.

ఇంక నా దగ్గర కాగితాలు లేవు. అల్లుడు గడప దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు. బయట మబ్బు నల్లగా ఉంది. ఇక్కడే, ఇప్పుడే పడుతుందేమో అనిపించింది.

"అమ్మా, ఆ మాట అన్నది నేను."

"ఏ మాట?"

"మా ఇంట్లో ఎల్ నినో పుట్టాడని. మిల్లులో నేనే అన్నాను. నవ్వుతారని అన్నాను. ఆ మాట అర్థం నాకు సగమే తెలుసు. అంతా తెలిసినట్టు చెప్పాను."

ఈశ్వరమ్మ చేతులు ఆగాయి.

"నువ్వా?"

"నేనే."

"అందరూ అంటాండారని గదా మా ఎంకటప్ప చెప్పినాడు. అంతమంది నోట్లో వచ్చిందంటే ఏదో ఉండాదిలే అనుకుంటి. నువ్వొక్కడివేనా అనింది?"

"మొదట నేనొక్కడినే. తరువాత అందరూ."

చేట పక్కకు నెట్టింది. కాయలు చెల్లాచెదరయ్యాయి.

"సొంత మనమణ్ణి! నోరెట్ల వచ్చిందన్నా నీకు? ఇంత చదివినోడివి, పేపర్లు చదివి ఊరికంతా చెప్పేటోడివి! పాపమ్మ అనింది, ఎంకటప్ప అనినాడు అంటే సరే, వాళ్ళకేం తెల్సు? నీ నోటి ఎగతాళికి నేను నెల దినాలు అన్నం తినలే. బిడ్డను సూడాలని పానం పీకతాంటే పోకుండా కూసోనుంటి!"

అన్నీ విన్నాను. అనవలసినవే అన్నది. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంగో మాట విను. ఆ పేరు మా ఇంట్లో ఎవురు పలికినా పండ్లు రాలగొడతా. నీయి గూడా."

"సరేనమ్మా."

"గ్రహణం, పెద్దల పక్షం కానీ, వస్తా."

"అంతవరకు ఆగితే కాదు. వాన పడకముందే రావాలి. పడినాక వస్తే మా పుష్ప రానంటోంది." కారణం చెప్పాను.

ఈశ్వరమ్మ చెదిరిన కాయలు చేటలోకి ఎత్తింది.

"నీ కూతురు నీ మాదిరి కాదన్నా. దానికి మాట విలువ తెల్సు" అని లేచి, వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసింది. "రేయ్ కిరణా! రేపు ఫస్టు బస్సు ఎన్ని గంటలకి?"

సెప్టెంబరు 15, సోమవారం

ఉదయం 8 గంటలకు డబ్బా: లేదు.

8.30: మబ్బు మిద్దెలకు తగిలేట్టు ఉంది. పుష్పావతి సంచి సర్దలేదు. వసారాలో బిడ్డను పెట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చుంది. ఆమెకు రాత్రే చెప్పేశాను, ఎవరో కాదు నేనని. "తెల్సు నాయనా" అన్నది. ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు.

9.30: బస్సు రాలేదు. ఉరుము.

10.00: బస్టాండు దాకా వెళ్ళి వచ్చాను. వి.కోట దగ్గర టైరు పోయిందని ఎవరో అన్నారు. (నిజంగానే ఎవరో.)

10.20: మునిలక్ష్మమ్మ బట్టలు లోపల వేస్తుంటే పుష్పావతి కేక వేసింది. "తీయొద్దమ్మా, వాన పడలే!"

10.40: ఈశ్వరమ్మ, అల్లుడు. నడవడం లేదు, పరుగే. మునిలక్ష్మమ్మ చెంబుతో నీళ్ళు ఇవ్వబోయింది. "కాళ్ళు తరువాత. ముందు వాణ్ణి ఇయ్యమ్మా" అని వాకిట్లోనే చేతులు చాపింది. పుష్పావతి ఇచ్చింది. బిడ్డ ఈశ్వరమ్మ మెడలోని గొలుసు పట్టుకున్నాడు. పుష్పావతి లోపలికి పోయి సంచి సర్దుకుంది.

భోజనాలయ్యాయి. పన్నెండుంబావుకు బస్టాండు చేరాము. వాళ్ళు ఎక్కి కూర్చున్న తరువాత మొదటి చినుకు నా ముంజేతి మీద పడింది. తరువాత బస్సు టాపు మీద. తరువాత ఏమీ వినిపించలేదు. బస్టాండులో మనుషులు గొడుగులు విప్పకుండా నిలబడి తడిశారు.

ఈశ్వరమ్మ బిడ్డ మీద కొంగు కప్పి, కిటికీలోంచి తల బయట పెట్టి అరిచింది.

"సూస్తివా పుష్పా! నేను ముందు, వాన ఎనక!" తరువాత నా వైపు తిరిగింది. "రాసుకో అన్నా, నీ బుక్కులో!"

రాస్తున్నాను.

ఈశ్వరమ్మ: 10.40.
వాన: 12.25.

సెప్టెంబరు 16, మంగళవారం

వాన: 41 మిల్లీమీటర్లు. వెంకటప్పకు విత్తన కాలం దాటిపోయింది. ఉలవలు చల్లుతానని ఫోన్ చేశాడు.

అక్టోబరు 6

బిడ్డకు ప్రదీప్ అని పేరు పెట్టారు.

వాన: 12.

2002 ఆగస్టు 4, ఆదివారం

కరువు. జూన్ నుంచి వాన లెక్క ఒక వరుసలో పట్టేంతే ఉంది. టీవీలో, పేపరులో మళ్ళీ ఆ మాట వచ్చింది. మిల్లులో ఎవరైనా అడిగితే మదనపల్లెలో రాసుకున్న కాగితం తీసి మొత్తం చదువుతాను. సగం వినకముందే లేచిపోతారు. పోనీ.

మధ్యాహ్నం కుప్పం నుంచి ఫోన్. ప్రదీప్. అయిదేళ్ళు నిండాయి, బడికి పోతున్నాడు.

"తాతా, ఎల్ నినో అంటే ఏంది? టీవీలో చెప్తాండారు."

కుర్చీలో కూర్చున్నాను.

"మీ అవ్వను అడగలేదా?"

"అడిగినా. నాకు తెలీదు, ఎప్పుడూ వినలేదు, మీ తాతనడుగు అనింది."

వాళ్ళ చేను ఈ ఏడు కూడా ఎండింది. అయిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట లేకుండా కాపాడి, ఈ రోజు నా చేతికి ఇచ్చింది ఈశ్వరమ్మ.

తొందరపడలేదు. దూరపు సముద్రం, చేపలు పట్టేవాళ్ళు, పండుగకు వచ్చే వెచ్చటి నీళ్ళు, అంతా వరుసగా చెప్పాను. దాని అర్థం పిల్లవాడు అని కూడా చెప్పాను.

"వాన ఆపేది ఆ పిల్లోడేనా తాతా?"

"కాదు నాయనా. గాలి దారి మారి ఆగుతుంది. పిల్లోడు ఏమీ చేయలేదు."

"అట్లయితే ఆ పేరు యాల పెట్నారు?"

"ముద్దుకు" అన్నాను.

వాడు నవ్వి ఫోన్ పెట్టేశాడు.

వాన: లేదు.